పాత బజారును కూల్చకుండా వ్యాపారం కూడా నిలబెట్టుకున్న చిన్న ఊరు ఎక్కడైనా ఉందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో సంగతి ఇదీ. మీ ఊరి పాత బజారులో తాతల నాటి మేడకొట్లు ఒక్కొక్కటే పడగొట్టేస్తున్నారు. మిగిలినవాటి ముఖాలకు షీట్లు కొట్టి ఫ్లెక్సీలు కట్టేస్తున్నారు. బైపాస్ దగ్గర కొత్త కాంప్లెక్సులు వచ్చాక బజారులో బేరాలు పడిపోయాయి. పాత రూపు పోకుండా, కొట్లు కూడా నడిచేలా చేసుకున్న ఊరు ఎవరైనా దగ్గరగా చూశారా అని అడిగారు. మున్సిపాలిటీ బజారు రోడ్డు వెడల్పు చేస్తానంటోంది, దానికి ఏం చేయాలని కూడా చివర్లో అడిగారు.

నేను చూశాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్. మహానగరం ఛాయలు ఏమీ ఉండవు. కొండల మధ్య, షెమంగ్ నది ఒడ్డున, పదివేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. మా ఆయన ఉద్యోగం వల్ల అక్కడ కొన్నేళ్లు ఉన్నాం. ఆ ఊరి పాత బజారు పేరు మార్కెట్ స్ట్రీట్. మొదట్లో ఆ వీధిలోనే ఒక కొట్టు పైన మేడ మీద అద్దెకున్నాం. తర్వాత అదే వీధిలో ఒక దుకాణంలో పార్ట్‌టైమ్ పనిచేశాను, పండగలప్పుడు వలంటీర్‌గా తిరిగాను. అందుకని ఆ వీధిని చూడ్డానికి వచ్చినవాళ్లలా కాకుండా, అందులో బతికిన మనిషిగా చెబుతున్నాను.

ఆ ఊరికి గాజే ఆధారం. 1868లో బ్రూక్లిన్ నుంచి ఒక గాజు ఫ్యాక్టరీ అక్కడికి తరలి వచ్చింది. ఎడిసన్ బల్బులకు గాజు బుడ్డీలు ఊది ఇచ్చింది ఆ ఫ్యాక్టరీయే. తర్వాతి కాలంలో వచ్చిన పైరెక్స్ గిన్నెలూ అక్కడివే. గాజు తెచ్చిన డబ్బుతో పందొమ్మిదో శతాబ్దం చివర్లో మార్కెట్ స్ట్రీట్‌లో వరసగా రెండు మూడంతస్తుల ఇటుక భవనాలు లేచాయి. కింద కొట్టు, పైన ఆఫీసో కాపురమో. మన పాత బజార్లలో మేడకొట్లు ఎలా ఉంటాయో అచ్చం అదే పద్ధతి.

తర్వాత కథ కూడా మీ ఊరిదే. అందరికీ కార్లు వచ్చాయి. 1967లో పక్కనున్న బిగ్ ఫ్లాట్స్‌లో ఆర్నాట్ మాల్ తెరిచారు. బేరాలు అటు పోయాయి. వీధిలోని కొట్లవాళ్లు తమ భవనాలూ కొత్తవాటిలా కనిపించాలని ఇటుక గోడల మీద అల్యూమినియం షీట్లు బిగించారు, పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. పై అంతస్తుల కిటికీలు ఆ రేకుల వెనక దాక్కున్నాయి. కిటికీ మూసుకుపోయిన గదిలో ఎవరు అద్దెకుంటారు? పై అంతస్తులు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన చోట కప్పు కారినా చూసేవాళ్లు లేరు. మన దగ్గర ముఖాలకు ఏసీపీ అనే అల్యూమినియం షీట్లు కొట్టిన భవనాల్లోనూ ఇదే జరుగుతోంది. షీటు వెనక ఏం కుళ్లుతోందో యజమానికే తెలియదు.

ఆ పరిస్థితిలో ఉండగా 1972 జూన్ 23న ఆగ్నెస్ తుపాను వరద వచ్చింది. నది కట్టలు దాటి ఊరి మీద పడింది. ప్రాణాలు పోయాయి. నదికి అవతలి ఒడ్డున ఉన్న గాజు మ్యూజియంలోనే అయిదడుగుల పైన నీళ్లు నిలిచాయి. మార్కెట్ స్ట్రీట్ కొట్లన్నీ బురదతో నిండిపోయాయి. ఇక ఈ పాత భవనాలు ఎందుకు, అన్నీ తీసేసి కొత్తగా కట్టేద్దాం అనడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. నిజానికి కొంత భాగం అలాగే పోయింది. అర్బన్ రెన్యూవల్ పథకం కింద కూల్చిన చోట కొత్త సిటీ హాల్, లైబ్రరీ, హోటల్ కట్టారు. అవి చెడ్డ భవనాలేమీ కావు. లైబ్రరీకి నేను తరచూ వెళ్లేదాన్ని. కానీ సాయంత్రం అయిదు దాటితే ఆ వైపు మనిషి కనపడడు. నాలుగడుగులు వేసి మార్కెట్ స్ట్రీట్‌లోకి వస్తే దీపాలు, జనం, రెస్టారెంట్లలో మాటలు. ఒకే ఊళ్లో, ఒకే నది పక్కన రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఏది మేలో ఎవరూ ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

మరి ఆ వీధి ఎలా నిలబడింది? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీధి కోసం పూర్తికాలం పనిచేసే మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నారు, అందుకే నిలబడింది. 1974లో మార్కెట్ స్ట్రీట్ రెస్టొరేషన్ ఏజెన్సీ అని ఒక చిన్న సంస్థ పెట్టి, నార్మన్ మింట్జ్ అనే ఆయనను దానికి బాధ్యుడిగా తెచ్చారు. డబ్బు గాజు కంపెనీ ఫౌండేషన్ ఇచ్చింది. ఆ తర్వాత అమెరికాలో వందల ఊళ్లలో వచ్చిన 'మెయిన్ స్ట్రీట్ మేనేజర్' ఉద్యోగానికి ఆయన్నే ఆద్యుడిగా చెప్పుకుంటారు. కొట్టు కొట్టుకీ వెళ్లి యజమానితో కూర్చుని, మీ రేకుల వెనక ఏముందో చూద్దామా అని అడగడం, బాగు చేస్తే ఎలా ఉంటుందో ఉచితంగా బొమ్మ గీసి చూపించడం, బోర్డు సైజు దగ్గర్నుంచి రంగుల దాకా సలహా ఇవ్వడం, ఇదీ పని. మన పెళ్లిళ్లలో పెత్తనం చేసే పెద్దమనిషి ఒకరు ఉంటారు చూడండి, అందరి మాటా వింటూ, అందరి కోపాలూ తాను పడుతూ పని జరిపిస్తాడు, అలాంటి మనిషి ఒకరు వీధికి దొరికారు.

మన ఊళ్లలో ఇది లేకనే చాలా మంచి ప్రయత్నాలు ఆగిపోతాయి. ఒక కమిటీ వేస్తారు. ప్రెసిడెంటు, సెక్రటరీ, పదిమంది సభ్యులు. అందరికీ సొంత వ్యాపారాలు ఉంటాయి. రెండు మీటింగులు అయ్యాక ఎవరి పని వాళ్లది. వాళ్ల తప్పేం కాదు, తీరిక వేళల్లో అయ్యే పని కాదు ఇది.

ఆ పనిలో ఇంకో గొప్ప సంగతి, ఆజ్ఞలు వేయలేదు. ముందు ఒప్పుకున్నవాళ్ల కొట్లు బాగు చేశారు. రేకు ఊడదీస్తే లోపల కమాను కిటికీలు, చెక్కిన టెర్రకోట అంచులు బయటపడ్డాయి. అది చూసి పక్కవాడికి మనసయింది. నేను పనిచేసిన దుకాణం పెద్దావిడ ఆ రోజుల్లో చిన్నపిల్ల. రేకులు ఊడదీస్తుంటే జనం ఆగి చూసేవాళ్లని, పక్క కొట్లో ఏం బయటపడుతుందో అని ఆత్రంగా ఎదురుచూసేవాళ్లని చెప్పేది.

ఇక్కడ గోడల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే పాత భవనాలను పాడుచేసేది ఇక్కడే. పాత ఇటుకను శుభ్రం చేయాలంటే చాలామంది ఇసుకను గాలి ఒత్తిడితో కొట్టిస్తారు. ఇటుక కాలేటప్పుడు పైన ఒక గట్టి పొర ఏర్పడుతుంది. ఇసుక దాన్ని గీకేస్తుంది. లోపలి మెత్తటి మట్టి నీళ్లు పీలుస్తుంది, చలికి ఆ నీరు గడ్డకట్టి ఇటుక పెచ్చులుగా రాలిపోతుంది. మనకు గడ్డకట్టే చలి లేకపోయినా ఉప్పుగాలి, వాన చాలు. రెండోది సందులు పూడ్చడం. పాత గోడ సున్నంతో కట్టింది. సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, గోడ కదిలితే తానూ కొంచెం కదులుతుంది. దాని సందుల్లో సిమెంటు కూరితే తేమకు దారి ఉండదు, ఇటుకే పగులుతుంది. మన తాతల ఇళ్లు గానుగలో ఆడించిన సున్నంతో కట్టినవే కదా. వాటి గోడలకు అడుగున సిమెంటు పూత వేయించి, ఆ తర్వాత చెమ్మ ఇంకా పైకి ఎక్కిందని బాధపడే ఇళ్లు ఎన్నో చూశాను. మీ బజారులో ఏ పని మొదలుపెట్టినా ముందు సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ ఎవరైనా ఉన్నారేమో వెతకండి. ఆయన ఉండగానే కుర్రవాళ్లకు నేర్పించండి.

పై అంతస్తుల సంగతికి వస్తాను. మేము అద్దెకున్న ఇంటి మెట్లు బాగా నిటారుగా ఉండేవి, శీతాకాలంలో సామాన్లు మోయడం కష్టమే. అయినా కిందికి దిగితే కాఫీ, రొట్టె, మందులు. పై అంతస్తులో కాపురం ఉంటే ఆ వీధికి రాత్రి కూడా మనిషి ఉన్నట్టు. కొట్టు మూసేశాక కూడా కిటికీలో లైటు వెలుగుతుంది, కింద చప్పుడైతే ఎవరో ఒకరు తొంగిచూస్తారు. యజమానికి రెండో అద్దె వస్తుంది, ఆ డబ్బే కప్పు బాగు చేయిస్తుంది. కాకపోతే తేలిక కాదు. అగ్నిప్రమాద నిబంధనల ప్రకారం రెండో దారి, అలారాలు, వైరింగు అన్నీ మార్చాలి. ఖర్చు చాలా ఎక్కువ.

ఆ ఖర్చుకు అమెరికాలో ఒక ఆసరా ఉంది. చారిత్రక భవనంగా గుర్తింపు ఉండి, వ్యాపారానికో అద్దెకో వాడేదైతే, నిబంధనల ప్రకారం బాగు చేసిన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో మినహాయిస్తారు. సొంత కాపురానికి వాడుకునే ఇంటికి ఇది వర్తించదు. మార్కెట్ స్ట్రీట్‌ను 1974లోనే జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. చాలామంది ఆ జాబితాలో చేరితే భవనాన్ని ఇక ఎవరూ ముట్టుకోలేరు అనుకుంటారు. అది నిజం కాదు. ప్రైవేటు యజమాని తన సొంత డబ్బుతో కూల్చుకుంటానంటే ఆ జాబితా ఒక్కటే ఆపలేదు. ఆపాలంటే ఊరు తన సొంత నిబంధన చేసుకోవాలి. అందుకే హెరిటేజ్ గుర్తింపు వస్తే చాలు అని దానికోసమే ఏళ్ల తరబడి తిరగవద్దని నా సలహా. గుర్తింపు మంచిదే, కానీ అది కప్పు కారకుండా ఆపదు.

ఇప్పుడు ఆ వీధిని గాఫర్ డిస్ట్రిక్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. ఆ ప్రాంతంలోని ఆస్తుల మీద మామూలు పన్నుతో పాటు కొంత అదనంగా వసూలు చేస్తారు, ఆ డబ్బు ఆ వీధికే ఖర్చు పెడతారు. పూలకుండీలు, మంచు ఎత్తడం, కొత్త కొట్లకు సాయం, పండగలు. డిసెంబరులో స్పార్కిల్ అని ఒక సాయంత్రం వీధిలోకి కార్లు రానివ్వరు, జనం కిక్కిరిసిపోతారు. అలాంటి రోజుల్లో నాకు బాగా నచ్చింది, వీధి కొట్లవాళ్లందరూ తలుపులు తెరిచి ఉంచడం. బయటినుంచి స్టాళ్లు తెచ్చి పెట్టి లోపలి కొట్లను మూయించే ఎగ్జిబిషన్ లాంటిది కాదు. ఇక గాజు మ్యూజియం చూడ్డానికి ఏటా లక్షల్లో జనం వస్తారు. వాళ్లు మ్యూజియం చూసి అటునుంచి అటే పోకుండా మేమున్నప్పుడు ఉచిత షటిల్ బస్సు మార్కెట్ స్ట్రీట్‌కు తిప్పేవారు, నది మీద నడిచి వచ్చేందుకు కార్లు వెళ్లని పాత వంతెన ఉంది. మీ ఊళ్లో గుడికో తిరునాళ్లకో జనం వస్తుంటే, వాళ్లు బజారులోంచి నడిచి వెళ్లే దారి ఉందా అన్నది చూసుకోండి.

'వాళ్లకు పెద్ద కంపెనీ ఉంది, మాకెవరున్నారు?' అంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు కార్నింగ్‌లో లేదు, వేరే మూడు ఊళ్లలో ఉంది. 1977లో అమెరికా నేషనల్ ట్రస్ట్ అనే పరిరక్షణ సంస్థ ఇలాంటి ప్రయోగాన్నే మేడిసన్, గేల్స్‌బర్గ్, హాట్ స్ప్రింగ్స్ అనే మూడు ఊళ్లలో చేసింది. ఊరికొక మేనేజర్. కొట్లవాళ్లను కలపడం, వీధికి ప్రచారం, భవనాల రూపు, వ్యాపారం కుదురుకోవడం, ఈ నాలుగూ ఒకేసారి నడవాలన్నది వాళ్ల పద్ధతి. 1980లో దానికి జాతీయ కేంద్రం పెట్టారు. తర్వాత దేశమంతా పాకింది. పెద్ద కంపెనీ లేని ఊళ్లే అందులో ఎక్కువ.

కార్నింగ్‌లో నాకు నచ్చనిదీ ఉంది. వీధి అందంగా ఉంది గానీ, వచ్చేపోయేవాళ్లకు కావలసిన బహుమతుల కొట్లు, రెస్టారెంట్లే పెరిగాయి. పప్పు, ఉప్పు, సూదీ దారం కావాలంటే మేమూ కారెక్కి సూపర్‌మార్కెట్‌కు పోవాల్సిందే. మీ బజారుకు ఆ గతి పట్టించొద్దు. కిరాణా, టైలరు, స్టీలు సామాన్ల కొట్టు, ఆయుర్వేద మందుల కొట్టు, వీటికి రోజూ వచ్చే మనుషులే మీ బలం. వాళ్లను అద్దెలు పెంచి పంపేసి కెఫేలు పెడితే, ఫొటోలు బాగుంటాయి, బజారు పోతుంది.

మీరు మొదలుపెట్టాలంటే ముందు ఒక నోట్‌బుక్కు తీసుకుని ప్రతి భవనానికీ ఒక పేజీ రాయండి. యజమాని ఎవరు, ఎన్ని వాటాలు, వాటాదారులు ఎక్కడున్నారు, అద్దెకున్నది ఎవరు, గుడ్‌విల్ ఎంత ఇచ్చారు, కప్పు ఎలా ఉంది. మన దగ్గర పాత మేడలు కూలేది వయసుతో కంటే అన్నదమ్ముల మధ్య తేలని వాటాలతోనే ఎక్కువ. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డాలస్‌లో ఉంటారు, సంతకాలు కుదరవు, ఆఖరికి స్థలం విలువకే అమ్మేస్తారు. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడే మనిషే మీకు కావలసిన మొదటి ఉద్యోగి. జీతం కొట్లవాళ్లు నెలకింత వేసుకుని ఇవ్వండి, ఊరినుంచి బయటికెళ్లి స్థిరపడ్డవాళ్లను అడగండి. గుడి రంగులకు చందాలు ఇచ్చేవాళ్లు దీనికీ ఇస్తారు, లెక్క చూపిస్తే.

మీరు చివర్లో అడిగిన రోడ్డు వెడల్పు సంగతి. మార్కింగ్ ఇంకా వేయలేదన్నారు కాబట్టి టైం ఉంది. మున్సిపాలిటీకి 'వద్దు' అని ఒక్క అర్జీ పెట్టి ఊరుకుంటే పని జరగదు. లారీలు బజారులోకి ఏ వేళల్లో వస్తున్నాయి, బండ్లు ఎక్కడ ఆపుతున్నారు, కొట్ల ముందు కాలువ మీద ఎవరెంత ముందుకు జరిగారు, ఇవి కొలిచి, ఫొటోలు తీసి, వన్‌వే, పార్కింగ్‌కు వేరే స్థలం, సరుకు దించడానికి రాత్రి వేళ అని మీ ప్రతిపాదన మీరే పట్టుకెళ్లండి. దాని మీద మొదటి సంతకాలు కొట్ల ముందు కాలువ ఆక్రమించినవాళ్ల దగ్గరే తీసుకోండి. వాళ్లు వెనక్కి జరగడానికి ఒప్పుకుంటే రోడ్డుకు కావలసిన వెడల్పులో చాలావరకు భవనాలు ముట్టుకోకుండానే దొరుకుతుంది.