రాజకీయ అనుభవం లేని బయటి వ్యక్తికి అధ్యక్ష ఎన్నికలో ఓటు వేయవచ్చా?

ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: ఎన్నడూ ఏ పదవీ చేయని బయటి వ్యక్తి అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తే ఆయన్ని సమర్థించడం సబబేనా, లేక ఆ ఓటు వృథా అవుతుందా?

పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో అయితే నిస్సంకోచంగా సమర్థించండి. నవంబరులో జరిగే అసలు ఎన్నిక దగ్గరకు వచ్చేసరికి మాత్రం రెండు సంగతులు తేల్చుకోండి. ఆయన ఏదైనా పెద్ద పార్టీ ద్వారా వస్తున్నారా, ఒంటరిగా వస్తున్నారా? గెలిస్తే ప్రభుత్వం నడపడానికి ఆయన వెంట ఎవరు వస్తారు? అయోవాలో ఓటరుగా ఉంటూ, ఒక ఎన్నికలో కార్యకర్తగా ఇల్లిల్లూ తిరిగి చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

అయోవా జనాభా ముప్పై లక్షల పైచిలుకే. అయినా 1972 నుంచి చాలాకాలం అధ్యక్ష అభ్యర్థుల వడపోత ఇక్కడే మొదలైంది. పేరూ డబ్బూ లేని అభ్యర్థులు ఇక్కడికి రావడానికి కారణం అదే. లైబ్రరీ హాల్లోనో, ఎవరి ఇంటి ముందు గదిలోనో పాతికమందిని కూర్చోబెట్టుకుని మాట్లాడితే చాలు, ప్రచారం మొదలైనట్టే. జార్జియా మాజీ గవర్నర్ జిమ్మీ కార్టర్ అలా వచ్చినవారే. దేశంలో ఆయనెవరో ఎవరికీ తెలియని రోజుల్లో ఇక్కడి కార్యకర్తల ఇళ్లలో బస చేస్తూ ఊరూరూ తిరిగారు. 1976 కాకస్‌లో (పార్టీ ఓటర్లు ఒకచోట చేరి తమ అభ్యర్థిని ఎంచుకునే సభల్లో) మొదటి స్థానం నిజానికి 'ఎవరికీ కట్టుబడలేదు' అన్నవాళ్లది, దాదాపు 37 శాతం. కార్టర్‌కు వచ్చింది 28 శాతం లోపే. కానీ పేరున్న అభ్యర్థులందరికంటే ఆయన ముందు నిలిచారు. అక్కడ మొదలైన ఊపు ఆయన్ని ఆ ఏడాది చివరికి అధ్యక్షుణ్ణి చేసింది.

నేను తిరిగింది ఏ పదవీ చేయని వ్యాపారవేత్త, డెమొక్రాట్ల అభ్యర్థిత్వానికి పోటీపడిన ఆండ్రూ యాంగ్ కోసం, 2020 కాకస్‌కు ముందు చలికాలంలో. పెద్దవాళ్లందరికీ నెలకు వెయ్యి డాలర్లు ప్రభుత్వమే ఇవ్వాలన్నది ఆయన ప్రధాన ప్రతిపాదన. అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారన్న విషయంలో ఆయన లెక్కలు నాకు పూర్తిగా నచ్చలేదు. నన్ను లాగింది వేరే కారణం. నేను ఇక్కడ బీమా రంగంలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. క్లెయిములు పరిశీలించే మనుషుల పనిని ఒక్కొక్కటిగా యంత్రానికి అప్పగించడమే మా పనిలో పెద్ద భాగం. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్ల పిల్లల పేర్లు తెలుసు. వాళ్ల భవిష్యత్తు గురించి ఎన్నికల వేదిక మీద ప్రతి సభలోనూ మాట్లాడిన అభ్యర్థి అప్పట్లో నాకు ఆయనొక్కరే కనిపించారు.

తలుపు తీసినవాళ్లు చాలామంది మర్యాదగానే విన్నారు. లారీ నడిపి రిటైరైన ఒక పెద్దాయన నన్ను చలిలో నిలబెట్టకుండా లోపలికి పిలిచి, డ్రైవరు లేని లారీల గురించి నాకంటే ఎక్కువే చెప్పారు. అంతా అయ్యాక, "నాకు నచ్చాడు, కానీ గెలవడు కదా" అన్నారు. ఆ మాట నేను ఇంటింటా విన్నాను. బయటి అభ్యర్థికి ప్రత్యర్థుల కంటే పెద్ద అడ్డంకి అదే. నచ్చినవాళ్లందరూ మిగతావాళ్లకు నచ్చడేమోనని వెనక్కి తగ్గుతారు.

ఫిబ్రవరి 3 రాత్రి కాకస్. అప్పటి డెమొక్రాట్ల పద్ధతిలో చుట్టుపక్కల ఓటర్లందరూ ఒక స్కూలు హాల్లో చేరి, ఎవరి అభ్యర్థి మూల దగ్గర వాళ్లు నిలబడాలి. చాలాచోట్ల హాల్లో ఉన్నవాళ్లలో 15 శాతం మంది లేని గుంపు చెల్లదు. అప్పుడు వాళ్లు వేరే మూలకు వెళ్లవచ్చు, మరో చిన్న గుంపుతో కలవవచ్చు, లేదా ఇంటికి వెళ్లిపోవచ్చు. మా మూలకు ఆ సంఖ్య రాలేదు. వెంటనే మిగతా మూలల నుంచి మనుషులు వచ్చారు, అందరూ పక్కింటివాళ్లూ ఎదురింటివాళ్లే. "మీవాడు చెప్పింది మంచి విషయం, మా అభ్యర్థి కూడా దాన్ని పట్టించుకుంటాడు, ఇటు రండి" అని బతిమాలారు. రాష్ట్రమంతా ఇదే జరిగింది. యాంగ్‌కు మొదటి లెక్కలో దాదాపు 5 శాతం ఉంటే రెండో లెక్కకు అది సుమారు 1 శాతానికి పడిపోయింది. వారం తర్వాత న్యూహాంప్‌షైర్ ప్రైమరీ రాత్రి ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు.

ఇది ఓటమే. కానీ వృథా అని నేను అనను. ఆ హాల్లో మమ్మల్ని పిలవడానికి వచ్చిన ప్రతి మనిషీ యాంత్రీకరణ గురించి ఏదో ఒక మాట ఇవ్వాల్సి వచ్చింది. పెద్ద అభ్యర్థుల కార్యకర్తలు ఆ విషయం గురించి ఆలోచించింది, మా ఓట్లు కావాల్సి వచ్చాకే. ప్రైమరీలో బయటి అభ్యర్థిని సమర్థించమని నేను చెప్పేది ఇందుకే. ఆ దశలో మీ ఓటు ప్రభుత్వాన్ని ఎన్నుకోదు, మాట్లాడాల్సిన విషయాలను ఎన్నుకుంటుంది.

ఇందుకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ రాస్ పెరో. టెక్సాస్ వ్యాపారవేత్త, 1992లో ఇండిపెండెంటుగా నిలబడ్డారు. టీవీలో అరగంట సమయం సొంత డబ్బుతో కొని, చేతిలో కర్ర పట్టుకుని, బొమ్మల పట్టికలు చూపిస్తూ దేశం అప్పుల గురించి పాఠం చెప్పారు. లక్షలమంది కూర్చుని చూశారు. జులైలో పోటీ నుంచి తప్పుకుని అక్టోబరులో మళ్లీ వచ్చినా ఆయనకు 18.9 శాతం ఓట్లు పడ్డాయి. అంటే సుమారు కోటీ తొంభై ఏడు లక్షల మంది. ఎలక్టోరల్ ఓట్లు, అంటే రాష్ట్రాలవారీగా పంచి ఉండే, అధ్యక్షుణ్ణి అసలు తేల్చే ఓట్లు మాత్రం సున్నా.

ఆ సున్నా దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే అధ్యక్షుడు కావాలంటే 538 ఎలక్టోరల్ ఓట్లలో 270 కావాలి. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలో మొదటి స్థానం వచ్చినవాళ్లకే మొత్తం దక్కుతాయి. దేశమంతా సమానంగా పరుచుకున్న మద్దతు అక్కడ ఎందుకూ కొరగాదు. 1968లో జార్జ్ వాలెస్‌కు పెరో కంటే తక్కువ శాతం, దాదాపు 13.5, వచ్చినా దక్షిణాదిలో గంపగుత్తగా పడటంతో 46 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. (వర్ణ విభజనను సమర్థించిన వాలెస్ రాజకీయం నాకు అసహ్యం. లెక్క కోసమే ఆ పేరు ఎత్తాను.) సరే, ఒక ఇండిపెండెంటు కొన్ని రాష్ట్రాలు గెలిచి ఎవరికీ 270 రాకుండా చేశాడనుకుందాం. అప్పుడు నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్తుంది, రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. ఆ సభలో ఉండేది దాదాపు అందరూ రెండు పార్టీల మనుషులే. వాళ్లు పార్టీ లేనివాణ్ణి ఎందుకు ఎన్నుకుంటారు? ఒంటరిగా వచ్చే అభ్యర్థికి మూసి ఉన్న తలుపు ఇది. అందుకే యాంగ్ అయినా, మరో వ్యాపారవేత్త వివేక్ రామస్వామి అయినా ముందు పెద్ద పార్టీ ప్రైమరీలోనే దిగారు. రామస్వామి అయోవాలోని 99 కౌంటీలూ తిరిగారు. 2024 జనవరి కాకస్‌లో 8 శాతం లోపు ఓట్లతో నాలుగో స్థానంలో ఆగి, ఆ రాత్రే తప్పుకుని ట్రంప్‌కు మద్దతు ప్రకటించారు.

పెరో ఓడినా ఆయన పట్టికలు ఓడలేదు. లోటు తగ్గించాలన్న ఒత్తిడి గెలిచిన క్లింటన్ మీద పడింది. 1993లో ఆయన తెచ్చిన లోటు తగ్గింపు చట్టం ప్రతినిధుల సభలో 218-216తో, సెనేట్‌లో ఉపాధ్యక్షుడి ఓటుతో 51-50గా గట్టెక్కింది. 1998 నుంచి 2001 వరకు బడ్జెట్ మిగులులో నడిచింది. ఆ కాలంలో ఆర్థిక వ్యవస్థ పెరగడమూ అందుకు పెద్ద కారణమే. అయినా పెరో లేకపోతే ఆ అంకెలు ఇంటింటి చర్చ అయ్యేవని నేను అనుకోను.

ఇక గెలిచాక పాలన సంగతి. "కంపెనీ నడిపినవాడు దేశం నడపలేడా?" అని నాతో వాదించే మిత్రుడొకడున్నాడు. ఏళ్ల తరబడి జరుగుతున్న వాదన మాది. కంపెనీలో సీఈఓ మాట వినని మేనేజరును ఇంటికి పంపవచ్చు. అధ్యక్షుడు సెనేటర్‌ను ఇంటికి పంపలేడు. చాలా బిల్లులు సెనేట్‌లో ఓటింగుదాకా రావడానికే వందలో 60 మంది ఒప్పుకోవాలి. కొత్త అధ్యక్షుడు తన మనుషులతో నింపాల్సిన పదవులు సుమారు 4,000 ఉంటాయి, అందులో వెయ్యికి పైగా సెనేట్ ఆమోదించాలి. ఎన్నికల ప్రచారంలో ఈ జాబితా గురించి ఎవరూ అడగరు. నేను మాత్రం బయటి అభ్యర్థి సభకు వెళ్తే మొదట ఇదే అడుగుతాను: ఆర్థిక శాఖ ఎవరికిస్తారు, రక్షణ శాఖ ఎవరికిస్తారు? "సమయం వచ్చినప్పుడు ఉత్తములను ఎంచుకుంటాను" అంటే నాకు జవాబు దొరికినట్టే.

డొనాల్డ్ ట్రంప్ మొదటి పాలనలో బయటి అభ్యర్థి బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. 2016కు ముందు ప్రభుత్వంలోగానీ సైన్యంలోగానీ ఏ పదవీ చేయకుండా అధ్యక్షుడైనవారు ఆయనకు ముందు లేరు. వాణిజ్య ఒప్పందాల వల్ల ఫ్యాక్టరీ ఊళ్లు దెబ్బతిన్నాయన్న మాట పెరో 1992లోనే అన్నారు. రెండు పార్టీల పెద్దలూ దాన్ని పక్కన పెట్టారు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ట్రంప్ అదే పట్టుకుని గెలిచారు. కెనడా, మెక్సికోలతో ఉన్న నాఫ్టా వాణిజ్య ఒప్పందం స్థానంలో వచ్చిన కొత్త ఒప్పందం రెండు పార్టీల ఓట్లతో చట్టమై 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఆయన మిగతా రాజకీయాలతో నాకు తీవ్ర విభేదాలున్నా, పెద్దలు వినని బాధను ఆయన విన్నారన్నది కాదనను. అదే అధ్యక్షుడు, రెండు సభల్లోనూ సొంత పార్టీ మెజారిటీ ఉండగా, ఒబామా ఆరోగ్య చట్టాన్ని తీసేయలేకపోయారు. 2017 జులైలో సెనేట్‌లో 49-51తో వీగిపోయింది, వ్యతిరేకించినవాళ్లలో ముగ్గురు ఆయన పార్టీవాళ్లే. ఇక కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) లేకుండా సంతకంతో చేసే పనులు సంతకంతోనే పోతాయి. పారిస్ వాతావరణ ఒప్పందం నుంచి ట్రంప్ బయటకు తెచ్చారు, బైడెన్ మళ్లీ చేర్చారు, 2025లో ట్రంప్ మళ్లీ బయటకు వచ్చే ఉత్తర్వు మీద సంతకం చేశారు.

గవర్నరుగా చేసినా వాషింగ్టన్‌కు బయటివాడైన కార్టర్ అయితే ఇంకా బాధ కలిగించే ఉదాహరణ. నిజాయితీ విషయంలో ఆయన్ని వేలెత్తి చూపలేం. 1977లో వచ్చీ రాగానే, దండగ ఖర్చు అనుకున్న ఆనకట్టల పనుల జాబితా తీసి నిధులు ఆపబోయారు. ఆర్థికంగా ఆయన వాదనలో బలముంది. కానీ ఆ ఆనకట్టలు ఉన్న నియోజకవర్గాల సభ్యుల్లో చాలామంది ఆయన సొంత పార్టీవాళ్లే. తర్వాత కావాల్సిన ఓట్ల కోసం మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి. ఆ దూరం ఆయన నాలుగేళ్లూ పూర్తిగా తగ్గలేదు.

ఇలా చెబితే "అనుభవం ఉన్నవాళ్లు ఉద్ధరించిందేమిటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దూరపు కొండలు నునుపు అన్నట్టు, రికార్డు లేనివాళ్ల తప్పులు కనపడవు, ఉన్నవాళ్లవి మాత్రమే కనపడతాయి. అందుకని పదవి చేయలేదన్న దానికంటే, తన అధికారం నడవని మనుషులతో పని చేయించుకున్న చరిత్ర ఉందా అని చూస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో సేనానిగా పని చేసిన ఐసెన్‌హోవర్ 1952కు ముందు ఒక్క ఎన్నికలోనూ నిలబడలేదు. కానీ యుద్ధకాలంలో చర్చిల్, డి గాల్ లాంటివాళ్ల మధ్య కూటమిని చెదరకుండా నడిపారు. అధ్యక్షుడిగా ఎనిమిదేళ్లలో ఆరేళ్లు ఎదుటి పార్టీ మెజారిటీ ఉన్న కాంగ్రెస్‌తోనే నెట్టుకొచ్చారు. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం ఆ కాంగ్రెస్ నుంచే వచ్చింది. అలాంటి మనిషి బయటినుంచి వస్తే నవంబరులో కూడా నా ఓటు ఇస్తాను.

చివరగా, మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదీ చూసుకోండి. ఒక పార్టీ ఇరవై శాతం తేడాతో గెలిచే రాష్ట్రమైతే నవంబరులో ఇండిపెండెంటుకు వేసిన ఓటు ఫలితాన్ని మార్చదు, మీ అసంతృప్తి మాత్రం లెక్కలోకి వస్తుంది. హోరాహోరీగా ఉండే రాష్ట్రంలో అదే ఓటు మీకు బొత్తిగా ఇష్టం లేనివాళ్లను గెలిపించవచ్చు. మెయిన్‌లో 2020 నుంచి, అలాస్కాలో 2024లో అధ్యక్ష ఎన్నికకు కూడా ప్రాధాన్య క్రమంలో ఓటు వేసే పద్ధతి వాడారు. మీ రాష్ట్రంలో ఆ పద్ధతి ఉంటే బయటి అభ్యర్థికి మొదటి అంకె, రెండు పెద్ద పార్టీల్లో మీరు భరించగలిగినవారికి రెండో అంకె ఇవ్వండి. మొదటివారు లెక్కలోంచి తప్పుకుంటే మీ ఓటు రెండోవారికి చేరుతుంది.