ముందు ఒక సబ్జెక్టు, తర్వాతే జర్నలిజం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది అచ్చంపేట దగ్గర ఒక ఊరు. నేను టైలరింగ్ చేస్తాను. మా పాప ఈ ఏడాది గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో సీఈసీ తెలుగు మీడియంలో పాసైంది. టీచర్ ట్రైనింగ్ వైపు వెళ్లమంటే వినడం లేదు, జర్నలిజమే చదువుతానంటోంది. మా మరిది పద్దెనిమిదేళ్లు మండలంలో ఒక పేపర్‌కు కంట్రిబ్యూటర్‌గా తిరిగాడు. చేతికి వచ్చిందేమీ లేదు. ఇప్పుడు కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. అందరికంటే గట్టిగా వద్దంటున్నది ఆయనే. ఏ కాలేజీలో చేర్పించాలి? తెలుగు మీడియం పిల్లకు ఉద్యోగం వస్తుందా? రాత్రి డ్యూటీలు ఉంటాయంటున్నారు, ఆడపిల్లను ఎట్లా పంపాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు ముందు మీ మరిది గారితో మాట్లాడాలనిపించింది. ఆయన వద్దనడంలో అర్థం ఉంది. పద్దెనిమిదేళ్లు తిరిగిన మనిషికి ఆ పని సంగతి నాకంటే బాగా తెలుసు. కాకపోతే ఆయన చూసింది ఈ ఇంట్లో ఒక గదినే. మీ పాప వేరే గుమ్మంలోంచి లోపలికి వెళ్లాలి.

పేపర్‌కు పనిచేసేవాళ్లంతా బయటికి ఒకటే అనిపిస్తారు. లోపల అట్లా ఉండదు. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక మిగతా తెలుగు పత్రికలూ అదే దారి పట్టాయి. జిల్లాకో ఎడిషన్ అంటే ప్రతి మండలంలో వార్త పంపే మనిషి కావాలి. ఇంతమంది కంట్రిబ్యూటర్లు వచ్చింది ఆ అవసరంలోంచే. వాళ్లు ఉద్యోగుల లెక్కలోకి రారు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బులిస్తారు, దాన్నే లైన్ అకౌంట్ అంటారు. దానికి తోడు పండగలకు, నాయకుల పుట్టినరోజులకు యాడ్స్ తేవాలన్న ఒత్తిడి. మన ఊళ్ల కష్టాలు పేపర్‌కు ఎక్కింది వాళ్ల చెప్పులు అరగబట్టే. ఈ ముక్క మీ మరిది గారికి నా మాటగా చెప్పండి.

మీ పాప మాత్రం ఆ పద్ధతిలో చేరకూడదు. ఆఫీసులో వార్తలు దిద్దే సబ్ ఎడిటర్‌గానో, జీతం మీద పనిచేసే స్టాఫ్ రిపోర్టర్‌గానో చేరాలి. అపాయింట్‌మెంట్ లెటర్, నెల జీతం, పీఎఫ్ ఉన్నాయా లేదా అన్నదే మీరు చూడాల్సింది. ఈ మధ్య కొందరు యూట్యూబ్ చానెల్ పెట్టి, మైకు, లోగో, ఐడీ కార్డు ఇస్తాం, ఇంత కట్టండి అని పిల్లల వెంట పడుతున్నారు. మనమే డబ్బు కట్టి చేరేదాన్ని ఉద్యోగం అనరు. దయచేసి అటు వెళ్లనివ్వకండి.

ఇక చదువు. ఇక్కడ నా అభిప్రాయం చాలామంది చెప్పేదానికి వేరుగా ఉంటుంది. డిగ్రీలోనే జర్నలిజం అక్కర్లేదు. ఆ మూడేళ్లు ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ లాంటివి గట్టిగా చదవనివ్వండి. కొన్ని కాలేజీల్లో బీఏలో మాస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టుగా ఉంటుంది, అది దొరికితే మంచిదే. దొరకలేదని బాధపడొద్దు. వార్త రాసే పద్ధతి ఆరు నెలల్లో పట్టుబడుతుంది. దేని గురించి రాయాలో అది తెలియడానికి ఏళ్లు పడుతుంది.

మీ దగ్గరి సంగతే చెబుతాను. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మీద పెద్ద అలజడి లేచింది, ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ వ్యతిరేక తీర్మానం కూడా చేసింది. అప్పుడు రాస్తారోకోల వార్తలు అందరూ రాశారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టంలో గ్రామసభకు ఏ అధికారం ఉంది, పులుల అభయారణ్యంలో బోరు వేయాలంటే ఎవరి అనుమతి కావాలి, అన్వేషణకు, తవ్వకానికి తేడా ఏమిటి అన్నవి తెలిసి రాయడం వేరు. అమ్రాబాద్ అడవిలో చెంచుల గూడెంలో (దాన్నే పెంట అంటారు) ఒక పెద్దాయన ‘మమ్మల్ని లేపుతరా బిడ్డా?’ అని అడిగితే జవాబు చెప్పగలిగేది ఆ రెండో రకం విలేకరి. అడవిని చూస్తూ పెరిగిన పిల్లకు చట్టం, ఎకనామిక్స్ తోడైతే హైదరాబాద్‌లో పుట్టిన పిల్లలకు లేని బలం వస్తుంది.

పాలమూరు మట్టిలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారిది గద్వాల ప్రాంతం. లా చదివారు, నాలుగైదు భాషలు వచ్చు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, వాదన పెట్టుకుని కూర్చోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. మాటకు ఆధారంతో జవాబివ్వడం అంటే అది. మీ పాపకు జర్నలిజం అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంటే నేను ఈ సంగతే చెబుతాను.

డిగ్రీ సీటు దోస్త్ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల పద్ధతి ద్వారా వస్తుంది. అచ్చంపేట, నాగర్‌కర్నూల్‌లో చదివించినా తప్పు లేదు. హైదరాబాద్ పంపగలిగితే, కోఠి ఉమెన్స్ కాలేజీగా అందరికీ తెలిసిన, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో ఉన్న మహిళా విశ్వవిద్యాలయం చూడండి. ఆప్షన్లు పెట్టేముందు హాస్టల్ సంగతి కనుక్కోండి.

తర్వాత పీజీ. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా జర్నలిజం పీజీకి వెళ్లొచ్చు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది, ప్రవేశం సీపీగెట్ అనే రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్‌కు సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ బోల్ హైదరాబాద్ అని క్యాంపస్ రేడియో కూడా ఉంది, విద్యార్థులు తమ గొంతుతో పని నేర్చుకుంటారు. తెలుగులోనే రాయాలనుకునేవాళ్లకు ఇటీవల సురవరం వారి పేరు పెట్టిన తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ (ఐఐఎంసీ)కి దేశమంతటా పేరుంది. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో శిక్షణ చాలా గట్టిగా ఉంటుంది, ఫీజు మాత్రం మీకు భారమవుతుంది. ముందు స్కాలర్‌షిప్ అడగండి, రాకపోతే దానికోసం అప్పు చేయకండి.

పీజీ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. మీలాంటి ఇళ్ల పిల్లలకు ఇది చాలా మేలు చేసిందని నా నమ్మకం. పెద్ద తెలుగు దినపత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు నడుపుతూ వచ్చాయి. డిగ్రీ అయ్యాక నోటిఫికేషన్ చూసి పరీక్ష రాయాలి. తెలుగులో వ్యాసం, ఇంగ్లిష్ నుంచి అనువాదం, వర్తమాన వ్యవహారాలు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఎంపికైతే ఫీజు కట్టే బదులు వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని బాండ్ రాయించుకుంటారు. సంతకం పెట్టేముందు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదువుకోమనండి.

తెలుగు మీడియం గురించి అడిగారు. తెలుగు పేపర్‌కు, చానెల్‌కు మంచి తెలుగు రాసేవాళ్లే కావాలి, అలాంటి పిల్లలు ఏటా తగ్గిపోతున్నారు. ‘ప్రభుత్వంచే నిర్ణయం తీసుకోబడింది’ అని రాసే పిల్లలు చాలామంది ఉన్నారు, ‘ప్రభుత్వం నిర్ణయించింది’ అని రాసేవాళ్లే కావాలి. అయితే ఇంగ్లిష్ తప్పించుకోలేరు. గడగడా మాట్లాడటం తర్వాత సంగతి. చదివి అర్థం చేసుకోవడం రావాలి. కోర్టు తీర్పులు, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు, పీటీఐ వార్తా సంస్థ పంపే వార్తలు అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. రోజుకు ఒక ఇంగ్లిష్ వార్త తీసుకుని చిన్నాన్నకు చెప్పినట్టు తెలుగులో రాయమనండి. మూడేళ్లలో వెయ్యి వార్తలవుతాయి. ఆ వెయ్యి రాసిన పిల్లకు ప్రవేశ పరీక్షంటే టెన్షన్ ఉండదు. లెక్కలూ కాస్త కావాలి. బిలియన్ అంటే వంద కోట్లు. వడ్డీ 4 శాతం నుంచి 6 శాతానికి పోతే ‘2 శాతం పెరిగింది’ అని రాస్తే తప్పు, అది 50 శాతం పెరిగినట్టు. ఇంగ్లిష్‌ను తెలుగులోకి మార్చే పని ఇప్పుడు కంప్యూటర్ కూడా చేస్తోంది కాబట్టి అనువాదం ఒక్కటే వస్తే చాలదు. మనిషి దగ్గరికి వెళ్లి అడిగి తెలుసుకోవడం ఏ యంత్రానికీ రాదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఒక పేపర్ డెస్కులో చేరిన మొదటి ఏడాది, రాత్రి పదకొండు దాటాక రోడ్డు ప్రమాదం వార్త వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు. అన్న చనిపోయారు, తమ్ముడు ఆస్పత్రిలో ఉన్నారు. రిపోర్టర్ ఫోన్‌లో చెబుతుంటే రాసుకున్నాను. పేర్లు మళ్లీ చదివి వినిపించలేదు. తెల్లారి పేపర్‌లో బతికున్న తమ్ముడు చనిపోయినట్టు వచ్చింది. ఆయన భార్య అప్పుడు పుట్టింట్లో ఉంది. ఆమె అన్న ఆఫీసుకు ఫోన్ చేశారు. తిట్టలేదు. ‘అమ్మా, మా చెల్లెలు రెండు గంటలు మొగుడు పోయాడనుకుని ఏడ్చింది’ అన్నారు. మర్నాడు సవరణ వేశాం. ఆ రెండు గంటలు మాత్రం నేను వెనక్కి ఇవ్వలేకపోయాను. ఆ రోజు నుంచి ప్రతి పేరూ అక్షరం అక్షరం చదివి వినిపించాకే పేజీలోకి పంపాను. మీ పాపకు ఇది ఇప్పుడే అలవాటు కావాలి, ఎవరితో మాట్లాడినా పేరు, ఊరు, వయసు రాసుకుని తిరిగి చదివి వినిపించడం.

కాలేజీలో చేరేదాకా ఆగక్కర్లేదు. వారానికి ఒక విషయం తీసుకుని తన ఊరి మీద మూడు వందల మాటల్లో రాయాలి. పీహెచ్‌సీలో డాక్టరు వారంలో ఎన్ని రోజులు వస్తున్నారు? బడిలో మంజూరైన టీచర్ పోస్టులెన్ని, ఉన్నవాళ్లెందరు? ఎవరూ చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తులో ‘ఎందుకు’ అని ఒక్క ప్రశ్న కూడా పెట్టొద్దు, కాగితాల్లో ఉన్నదే అడగాలి. ఇది రాయడంలో మీ మరిది గారే మొదటి గురువు. ఏ ఆఫీసులో ఏ ఫైలు ఎవరి దగ్గర ఉంటుందో ఆయనకు తెలిసినట్టు ఏ ప్రొఫెసర్‌కూ తెలియదు. నాలుగైదు మంచి కథనాలు పక్కన పెట్టుకుంటే ఇంటర్వ్యూలో మార్కుల మెమో కంటే అవే మాట్లాడతాయి. సోషల్ మీడియాలో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. లైంగిక దాడికి గురైనవాళ్ల పేరు, ఫొటో, ఊరు ఆనవాలు ఏదీ బయటపెట్టకూడదు. అది నేరం.

జీతం సంగతి దాచను. మొదటి మూడు నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల జీతం ముందు ఇది చిన్నదిగా కనిపిస్తుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు పేపర్లు పేజీలు తగ్గించాయి, చాలామంది ఉద్యోగాలు పోయాయి. అదే సమయంలో కొత్త చోట్లు కూడా వచ్చాయి. బీబీసీ 2017లో తెలుగులో మొదలైంది, పల్లెల సంగతులు రాసే ‘పరి’ అనే వెబ్‌సైట్ తెలుగులోనూ వస్తోంది, తప్పుడు వార్తలను తేల్చే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. సమాచార శాఖలో డీపీఆర్‌ఓ, ఏపీఆర్‌ఓ లాంటి పౌర సంబంధాల అధికారుల పోస్టులకూ ఈ చదువు పనికొస్తుంది. డిగ్రీలో సబ్జెక్టు గట్టిగా ఉంటే గ్రూప్స్, బీఈడీ దారులు కూడా మూసుకుపోవు. మొదట డిగ్రీలో సబ్జెక్టు చదవమన్నది ఇందుకు కూడా. ఇంట్లో టీచర్ ట్రైనింగ్ గొడవ దీంతో కొంత సర్దుకోవచ్చు.

రాత్రి డ్యూటీ నిజమే. పొద్దున పేపర్ రావాలంటే డెస్కు పని అర్ధరాత్రి దాకా సాగుతుంది. రిపోర్టర్లకు పని ఎక్కువగా పగలు, ఘటన జరిగితే మాత్రం వేళ ఉండదు. నేను తొమ్మిదేళ్లు రాత్రి డెస్కులో చేశాను. మా అమ్మ తొమ్మిదేళ్లూ నేను గది తలుపు వేసుకున్నానని ఫోన్ చేసేదాకా పడుకోలేదు. అందుకే మీ భయం నాకు కొత్త కాదు. ఇంటర్వ్యూలోనే రెండు అడగమనండి. రాత్రి ఇంటి దాకా వాహనం పంపుతారా? పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఉండాల్సిన అంతర్గత కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు? జవాబు నీళ్లు నములుతూ చెబితే ఆ ఆఫీసు వద్దు. సూటిగా చెబితే మీరు ఒకసారి వెళ్లి ఆ ఆఫీసు, దగ్గర్లో హాస్టల్ కళ్లారా చూసి రండి.

ఈ వారం చేయాల్సింది ఒకటుంది. దోస్త్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో లింక్ అయిన ఫోన్ నంబరు కావాలి. పాప ఆధార్‌కు ఏ నంబరు ఉందో మీసేవలో చూపించుకోండి.