నాలుగున్నరకే చీకటి పడే ఊరిలో

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మూడేళ్లుగా షికాగో శివారులో ఉంటున్నాము. నాది హెచ్‌-4 వీసా (ఉద్యోగ వీసా మీద వచ్చినవారి కుటుంబానికి ఇచ్చేది), విడిగా పని అనుమతి కూడా లేదు కాబట్టి ఉద్యోగం చేసే వీలు లేదు. నవంబరులో గడియారాలు గంట వెనక్కి తిప్పినప్పటి నుంచి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అప్పటి నుంచి మార్చి దాకా ఎంత పడుకున్నా నిద్ర తీరదు, మిఠాయిల మీదికి మనసు పోతుంది, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. వేసవి రాగానే మళ్లీ మామూలు మనిషినవుతాను. పేదలకు సరుకులు పంచే కేంద్రానికి వెళ్లి సాయం చేస్తే మనసు తేలికపడుతుందని పక్కింటావిడ అంటున్నారు. నా మనసే బాగా లేనప్పుడు నేనొకరికి ఏం సాయం చేయగలను?
– ఒక సోదరి

జవాబు: ఏటా ఒకే ఋతువులో వచ్చి, ఆ ఋతువుతోనే పోయే ఇటువంటి దిగులును వైద్యులు సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అంటారు. మీది అదేనా కాదా అన్నది పరీక్షించిన డాక్టరే చెప్పాలి. దీనిని 1984లో సహచరులతో కలిసి వర్ణించిన నార్మన్ రోజెంతాల్ కూడా దక్షిణాఫ్రికా ఎండలో పెరిగి అమెరికా వచ్చి, అక్కడి చలికాలంలో తానే నీరసపడిన మనిషి. డిసెంబరు మూడో వారంలో తెనాలిలో పగలు 11 గంటలకు పైగా ఉంటే, షికాగోలో 9 గంటలు దాటి కొద్ది నిమిషాలే ఉంటుంది. కనుక ఇది మీ సోమరితనమేమోనన్న అనుమానం ఉంటే ముందు దానిని వదిలేయండి.

పక్కింటావిడ సలహా మంచిదే. అయితే సేవ చేసే వారు ఎక్కువ సంతోషంగా కనిపించడానికి, సంతోషంగా ఉన్నవారే ముందుగా సేవకు బయలుదేరడం కూడా ఒక కారణం కావచ్చు. అందుచేత నేను పుణ్యం మాట పక్కన పెట్టి, మీ రోజులో ఏం మారుతుందో మాత్రమే చూస్తాను. ఉదయం తొమ్మిదింటికి రావాలని పేరు రాయించుకున్న మనిషి ఎనిమిదింటికి ముసుగు తీయక తప్పదు, వెలుతురులో కాలు బయట పెట్టక తప్పదు. మబ్బు పట్టిన ఆకాశం కింద కూడా మన గది దీపాల కంటే ఎన్నో రెట్లు వెలుగు ఉంటుంది. మనసు కుదుటపడ్డాక వెళ్దామని ఆగితే ఈలోగా మార్చి వచ్చేస్తుంది. ఈ దిగులులో పని ముందు, ఉత్సాహం తరువాత.

ఇక మీ అసలు ప్రశ్న. పెద్ద గోనెలోని బంగాళాదుంపలను కుళ్లినవి ఏరి చిన్న సంచుల్లోకి సర్దడానికి, డబ్బాల మీద తేదీలు చూసి సొట్టలు పడ్డవాటిని పక్కన పెట్టడానికి ఉత్సాహం అక్కరలేదు, చేతులు చాలు. పక్కన నిలబడ్డ ఆవిడతో రెండు మూడు గంటల్లో మీరు మాట్లాడేది “ఈ సంచి ఎక్కడ పెట్టాలి” అన్నంత వరకే కావచ్చు. మాట్లాడబుద్ధి కాని మనిషికి అంతకు మించి అవసరం కూడా లేదు. షికాగోలో 1979 నుంచి ఉన్న గ్రేటర్ షికాగో ఫుడ్ డిపాజిటరీ వంటి పెద్ద గిడ్డంగులూ ఉన్నాయి, వాటి నుంచి సరుకులు తెచ్చి పంచే చిన్న ప్యాంట్రీలూ ఉన్నాయి. కారు మీవారు తీసుకుపోతారనుకుంటే నడిచి వెళ్లగలిగిన ప్యాంట్రీయో, గ్రంథాలయమో చూసుకోండి. వేళ్లు కనబడే చెప్పులు మాత్రం పనికిరావు, బూట్లు వేసుకోవాలి. లెమాంట్ గుడిలోనో అరోరా గుడిలోనో చేసే సేవ కూడా సేవే కానీ, మనవాళ్లు అక్కడికి ఎక్కువగా వెళ్లేది శని, ఆదివారాల్లో. మీకు బరువుగా గడిచేవి మంగళ, బుధవారాలు.

వీసా విషయంలో ఒక జాగ్రత్త: ధర్మసంస్థలో మామూలుగా స్వచ్ఛంద సేవకులే చేసే పనిని, ఏ ప్రతిఫలమూ లేకుండా చేయవచ్చు, జీతమిచ్చి చేయించుకోవలసిన పనిని ఉచితంగా చేయడం చిక్కు తెస్తుంది. సందేహముంటే న్యాయవాదిని అడగండి.

సేవ చికిత్సకు తోడే తప్ప బదులు కాదు. ఉదయం అరగంట 10,000 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దీపం ముందు కూర్చోవడం, మాటల చికిత్స, అవసరమైతే మందులు అన్నీ ఉన్నాయి. కంటి జబ్బు గాని, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ, దిగులుకూ మారిపోయే జబ్బు) గాని ఉన్నవారు డాక్టరును అడగకుండా ఆ దీపం వాడరాదు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, పగలైనా రాత్రైనా అమెరికాలోని ఆత్మహత్యల నివారణ సహాయ నంబరు 988కి ఫోన్ చేయండి.

థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో సాయానికి వచ్చేవారు కిటకిటలాడతారు కనుక మీకు చోటు దొరకకపోతే నొచ్చుకోకండి. పండుగలయ్యాక జనం పలచబడతారు, సరుకుల కోసం వచ్చేవారు మాత్రం తగ్గరు. జనవరి రెండో వారం నుంచి ప్రతి మంగళవారం ఉదయానికి ఇప్పుడే పేరు రాయించండి. వచ్చే ఏడాది మాత్రం దిగులు మొదలయ్యే దాకా ఆగకుండా అక్టోబరులోనే రాయించుకోండి.