శంకువు వేరు, శంఖం వేరు: కోన్‌కీ కోణానికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న: మా ఇంటి భూమిపూజ ఆహ్వానపత్రికలో ‘శంఖుస్థాపన’ అని అచ్చయింది. మా మామగారు ‘శంకుస్థాపన’ అనాలంటున్నారు. ఇటు మా అబ్బాయి బడి కోసం సముద్రజీవుల చార్టు రాస్తూ కోన్ స్నెయిల్‌కి ‘శంఖు నత్త’ అని పేరు పెట్టాడు. శంఖం కూడా నత్తదే కదా అంటాడు. శంఖం, శంకువు ఒకటేనా? ఇంగ్లీషులో కోన్, కాంక్, మన కోణం, ఇవన్నీ ఒకే మాట నుంచి పుట్టాయా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: మీ మామగారు చెప్పిందే సరి. శంకుస్థాపన అనే అచ్చు వేయించాలి. చార్టులోనూ ‘శంకు నత్త’ అని దిద్దించండి. శంఖం, శంకువు రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే అయినా వేరువేరు మాటలు. ఒకటి సముద్రంలో దొరికేది, రెండోది నేలలో పాతేది.

శంకువు అంటే మొదట మొన తేలిన కొయ్య, మేకు. ఇల్లు కట్టే చోట దాన్ని పాతడం వట్టి లాంఛనంగా మొదలైంది కాదు, దిక్కులు తేల్చుకునే పని అది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత సంస్కృత గ్రంథం కాత్యాయన శుల్బసూత్రం ఆ పద్ధతిని చెప్పింది. నేలను నీటిమట్టంగా చదును చేసి నడుమ శంకువును నిలువుగా పాతాలి. శంకువు ఎంత ఎత్తుంటే అంత పొడవు తాడు తీసుకుని దాని చుట్టూ వలయం గీయాలి. పొద్దున పొడుగ్గా ఉండే నీడ పోనుపోను కురచబడుతుంది. నీడ కొస వలయాన్ని తాకినచోట ఒక మేకు, సాయంత్రం నీడ మళ్లీ పెరిగి వలయాన్ని తాకినచోట ఇంకో మేకు దిగ్గొట్టాలి. ఆ రెంటినీ కలిపే గీత తూర్పు పడమరలు చూపిస్తుంది. నేల ఒక పక్కకి వాలినా, శంకువు ఒరిగినా గీత తప్పుతుంది. ఉదయానికీ సాయంత్రానికీ మధ్య సూర్యుడు కొద్దిగా ఉత్తరానికో దక్షిణానికో జరుగుతాడు కాబట్టి విషువత్తుల రోజుల్లో, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల్లో, అతి చిన్న తేడా వస్తుంది. ఇల్లు కట్టుకోవడానికి అది లెక్కలోకి రాదు. చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు నెలాఖరులో కూడా మధ్యాహ్నపు నీడ శంకువు ఎత్తులో ముప్పాతిక వంతే ఉంటుంది, అందుకని ఏడాది పొడవునా ఈ పద్ధతి ఇక్కడ పనిచేస్తుంది. ఢిల్లీలో అదే రోజుల్లో నీడ శంకువు కంటే పొడుగ్గా ఉండిపోయి వలయాన్ని తాకదు. ఇప్పుడు మేకు బదులు రాయి వేస్తున్నారు, పేరు మాత్రం మేకుదే మిగిలింది. అందులోకి ఖ వత్తు తెచ్చిపెడితే ఆ పని ఆనవాలే చెరిగిపోతుంది.

మొన తేలిన ఆకారం కనుకనే బడి గణితంలో ఐస్‌క్రీమ్ కోన్ లాంటి ఘనరూపానికి శంకువు అని పేరు పెట్టారు.

శంఖానికి వద్దాం. ఇది అకారాంతం: శంఖం, శంఖాలు, శంఖారావం, శంఖచక్రాలు. శంకువు ఉకారాంతం: శంకువులు, శంకువుకు, శంకుచ్ఛాయ. ‘శంఖు’ అనే రూపానికి సంస్కృతంలో చోటు లేదు. మరి అదెలా పుట్టింది? రెండు దారులు కలిశాయి. పాత తెలుగులో శంఖానికి తద్భవం సంకు. తమిళంలోనూ సంగు అనే అంటారు. పాత మిల్లుల సైరన్ కూతని సైతం చెన్నైలో సంగు అనే అనేవారు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళ లిపిలో ఒకటే అక్షరం కాబట్టి అక్కడ శంకువు, శంఖం రాతలోనే కలిసిపోతాయి. ఆ సంకులోని ఉకారానికి సంస్కృతపు ఖకారం అతికితే శంఖు అయింది. రెండో దారి మన నోటి అలవాటు. మామూలు మాటల్లో వత్తులు తేలిపోతాయి, శంఖాన్ని శంకం అంటాం. రాసేటప్పుడు ఆ లోటు గుర్తొచ్చి, అక్కర్లేని చోట కూడా వత్తు పెట్టేస్తాం. ‘సంధర్భం’, ‘భాద’, ‘భాధ్యత’ ఇలా పుట్టినవే. సరైనవి సందర్భం, బాధ, బాధ్యత.

మాట్లాడేటప్పుడు ఎవరైనా ‘శంఖు చక్రాలు’ అంటే నేను దిద్దను. సంకు అనే తద్భవం నీడ అందులో ఉంది, అర్థమూ చెడలేదు. శంఖుస్థాపన అలా కాదు. అక్కడ శంఖంతో పనే లేదు. ఇక శంక అంటే సందేహం, అది మూడో మాట. శంకరుడిలో ఉన్నది వీటిలో ఏదీ కాదు, శుభమనే అర్థం గల ‘శం’. దానికి ‘కర’ చేరింది.

ఇప్పుడు నత్త. 1758లో జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఈ జాతికి కోనస్ అని పేరు పెట్టాడు, గుల్ల శంకువు ఆకారంలో ఉంటుందని. పేరు ఆకారాన్ని బట్టి వచ్చింది కాబట్టి తెలుగులోనూ ఆకారమే చెప్పాలి. తమిళంలో కూంబు నత్తై అనేదీ ఈ లెక్కనే, కూంబు అంటే శంకువు. ‘శంఖు నత్త’ అంటే చదివినవాళ్లు పూజలో ఊదే శంఖం అనుకుంటారు. అది టర్బినెల్లా అనే వేరే జాతి, తూత్తుకుడి దగ్గర సముద్రంలో మునిగి తీసేది. ‘శంకు’ ఈ నత్తకి ఇంకో రకంగానూ నప్పుతుంది. సంస్కృత నిఘంటువు అమరకోశం శంకువును శల్యం పక్కన పెట్టింది, అంటే విసిరే మొనగల ఆయుధం. ఈ నత్త బోలుగా ఉన్న పంటిని బాణంలా చేప ఒంట్లోకి దించి దాని గుండా విషం ఎక్కిస్తుంది. గుల్ల సన్నని కొస వైపు నుంచి వచ్చే తొండంలో ఆ పన్ను ఉంటుంది, తొండం వెనక్కి కూడా వంగగలదు. అందుకే వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదనుకోవడం ప్రమాదం. వీటిలో కోనస్ జియోగ్రాఫస్ అనే రకం కాటుకి మనుషులు చనిపోయారు, విరుగుడు మందు లేదు. మన్నారు సింధుశాఖలోనూ శంకు నత్తలున్నాయి. బతికున్నదాన్ని చేత్తో తాకకూడదని చార్టులో ఒక వాక్యం తప్పక రాయించండి.

చుట్టరికాల సంగతి. శబ్దం దగ్గరగా ఉన్నంత మాత్రాన బంధుత్వం తేలదు. మార్పు ఒక నియమం ప్రకారం జరగాలి, ఆ నియమం ఇతర మాటల్లోనూ కనిపించాలి. సంస్కృతంలో శ ఉన్నచోట గ్రీకు, లాటిన్‌లలో క వస్తుంది: దశకి గ్రీకులో దెక, శతానికి లాటిన్‌లో కెంటుమ్. ఈ నియమం ప్రకారమే శంఖం గ్రీకు కోంఖేతో జత పడుతుంది. ఆ కోంఖే లాటిన్ మీదుగా ఇంగ్లీషులో కాంక్ అయింది. మన తీరాన ఇంగ్లీషువాళ్లు నేర్చుకున్న ‘చాంక్’ కూడా శంఖమే. ఒకే మాట ఇంగ్లీషులోకి రెండు దారుల్లో చేరిందన్నమాట. వినడానికి దూరంగా ఉన్న శంఖం, కాంక్ చుట్టాలు. శంఖం, శంకువు చెవికి అంత దగ్గరైనా చుట్టాలు కావు.

కోన్‌కి మూలం గ్రీకు కోనోస్, అంటే పైన్ చెట్టు కాయ. కోణం దానితో కలవదు. కోణ శబ్దం ద్రావిడం నుంచి సంస్కృతానికి వెళ్లిందనేవాళ్లు ఉన్నారు. తమిళంలో కోణల్ అంటే వంకర అన్నది వాళ్లు చూపే సాక్ష్యాల్లో ఒకటి. గ్రీకు గోనియా, అంటే మూల, దానితో ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ గోనియా మోకాలికి సంబంధించిన గోను నుంచి వచ్చింది, మన ఆజానుబాహువులోని జాను దానికి తోబుట్టువు. ఏ పక్షం నెగ్గినా కోనోస్‌తో బంధుత్వం రాదు. కోనోస్‌కి మన దగ్గర చుట్టంగా పాత నిఘంటుకారులు చూపింది సంస్కృత శాణాన్ని, అంటే మనం గంధం తీసే, కత్తి పదును పెట్టే సానని. క, శ నియమం ఇక్కడా సరిపోతుంది, మొన చేయడమనే అర్థమూ కుదురుతుంది. అయినా దీన్ని శంఖం, కోంఖే అంత గట్టి జతగా నేను చెప్పను.

చెవికి ఇంపుగా తోచే వ్యుత్పత్తి ఎంతటివారి కాలంలోనైనా పుడుతుంది. అహోరాత్రంలో మొదటి అక్షరం, చివరి అక్షరం పోగా హోర మిగిలిందని కొందరంటారని వరాహమిహిరుడు బృహజ్జాతకం అనే జ్యోతిష గ్రంథంలో రాశాడు. ఎంతో అందంగా ఉంది. కాని హోర గ్రీకు జ్యోతిషంతో పాటు వచ్చిన గ్రీకు మాట, ఇంగ్లీషు అవర్‌కి మూలమూ అదే.

చార్టులో విషం పేరు రాసేటప్పుడు కూడా ఇలాంటి పొరపాటుకి వీలుంది. శంకు నత్త విషంలోవి కోనోటాక్సిన్లు, అవి పెప్టైడ్లు, అంటే చిన్న ప్రొటీన్ల లాంటివి. కోనస్ మేగస్ అనే నత్త విషాన్ని అనుసరించి తయారుచేసిన జికోనోటైడ్ అనే నొప్పి మందుకి 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది, దాన్ని వెన్నులోని ద్రవంలోకి ఎక్కిస్తారు. కోనైన్ అనేది వేరు. హెమ్లాక్ మొక్కలోని ఆల్కలాయిడ్ అది, సోక్రటీసు తాగింది ఆ మొక్క విషమే. దాని పేరు మొక్కకున్న గ్రీకు పేరు కోనెయోన్ నుంచి వచ్చింది, నత్త జాతి పేరు నుంచి కాదు.