నాన్నగారి మగత ఎందుకో తేలకుండా డోసు పెంచొద్దు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఏడాది క్రితం ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినే జబ్బు) అని తేలింది. దానికిచ్చే రిలుజోల్ మందు వాడుతున్నారు. జపాన్‌లో మూలకణాల నుంచి పెంచిన మనిషి నరాల కణాలపై పరీక్షిస్తే, పార్కిన్సన్స్ మందు రోపినిరోల్ ఈ జబ్బుకు పనిచేసిందని చదివాం. తెలిసిన మెడికల్ షాపులో కొని నెల రోజులుగా వేస్తున్నాం. పగలంతా మగతగా ఉంటున్నారు, పొద్దున్నే తలనొప్పి అంటున్నారు. డోసు పెంచమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డోసు మాట అలా ఉంచండి. నాకు టెన్షన్‌గా ఉన్నది ఆ మగత, ఆ తలనొప్పి గురించే. ఏఎల్ఎస్‌లో ఊపిరి తీసుకునే కండరాలూ బలహీనపడతాయి. నిద్రలో శ్వాస చాలక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇవే లక్షణాలు కనిపిస్తాయి. రోపినిరోల్ వల్ల కూడా మగత వస్తుంది. కారణం ఏదో చూడకుండా చెప్పలేను. ఒకటి రెండు రోజుల్లోనే న్యూరాలజిస్టుకు చూపించండి. ఊపిరితిత్తుల సామర్థ్యం, రక్తంలో వాయువుల పరీక్షలు అవసరం కావచ్చు. శ్వాస సమస్యే అయితే రాత్రిళ్లు మాస్కు ద్వారా గాలిని లోపలికి పంపే బైపాప్ మెషీన్ చాలామందికి ఉపయోగపడుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేయకండి.

ఇక ఆ పరిశోధన నిజమైనదే, నాకూ దానిపై గౌరవం ఉంది. బతికున్న మనిషి మెదడు, వెన్నుపాము నుంచి నరాల కణాలు తీసి మందులు పరీక్షించలేం. అందుకే జపాన్‌లోని కియో యూనివర్సిటీలో హిదెయుకి ఒకానో బృందం రోగుల కణాలను ఐపీఎస్ మూలకణాలుగా (ఏ రకం కణంగానైనా ఎదగగలిగేవి) మార్చి, వాటి నుంచి మోటార్ న్యూరాన్లు, అంటే కండరాలను కదిలించే నరాల కణాలు పెంచింది. 1,232 మందులను జల్లెడ పడితే రోపినిరోల్ ముందుకొచ్చింది. డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే డి2 రిసెప్టర్‌పై పనిచేసే మందు అది. కానీ ల్యాబ్‌లోని కణానికి బీపీ ఉండదు, ఊపిరితిత్తులు ఉండవు, అది లేచి నిలబడి తూలి పడదు. రోగులపై చేసిన ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి, అవీ 20 మందివే. మొదటి ఆరు నెలల్లో అసలు మందుకీ ఉత్తుత్తి మాత్రకీ స్పష్టమైన తేడా తేలలేదు. ఆ తర్వాతి నెలల లెక్కల్లో కొంత ఆశ కనిపించింది. అంతవరకే.

ఆ ట్రయల్‌లో డాక్టర్లు గమనిస్తూ ఇచ్చిన మందును మీరు చీటీ లేకుండా నెల రోజులు వేశారు. నాన్నగారి మీద ప్రేమతోనే చేశారని తెలుసు, అయినా ఇది తప్పు. రోపినిరోల్‌తో నిలబడగానే బీపీ పడిపోవచ్చు, భ్రమలు రావచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ తోడైతే రక్తంలో రోపినిరోల్ మోతాదు పెరుగుతుంది. అలాగని ఉన్నపళంగా మానేయడమూ మంచిది కాదు, ఎలా తగ్గించాలో మీ డాక్టరే చెప్పాలి. వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్పు, మిగతా మందులన్నీ, రిలుజోల్ మొదలుపెట్టాక చేయించిన లివర్ పరీక్షల రిపోర్టులు తీసుకెళ్లండి. రోపినిరోల్ వాడుతున్న సంగతి దాచకుండా చెప్పండి.