బోల్టులు 24 అయితే పట్టికలో 16 ఎందుకు?

ప్రశ్న: సాలిడ్‌వర్క్స్ (యంత్రాల డిజైన్ సాఫ్ట్‌వేర్)లో కన్వేయర్ అసెంబ్లీ డ్రాయింగ్ చేశాను. ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టులు మొత్తం 24. బిల్ ఆఫ్ మెటీరియల్స్ (బీఓఎం, అంటే విడిభాగాల పట్టిక)లో మాత్రం 16 అనే వస్తోంది. ఆ గడిలో చేత్తో 24 అని కొట్టేయొచ్చా?
- ఒక పాఠకుడు, బాలానగర్

జవాబు: కొట్టొద్దండీ. అలా కొడితే ఆ గడికి మోడల్‌తో లింకు తెగుతుంది. రేపు బోల్టులు 28 అయినా పట్టిక 24 దగ్గరే నిలబడుతుంది. ఇప్పటికే కొట్టి ఉంటే ఆ అంకె చెరిపేయండి, అసలు లెక్క తిరిగొస్తుంది.

మీ పట్టిక ‘టాప్ లెవెల్ ఓన్లీ’లో ఉన్నట్టుంది. అందులో సబ్ అసెంబ్లీ (పెద్ద అసెంబ్లీలో భాగంగా ఉండే చిన్న అసెంబ్లీ) మొత్తం ఒకే వరుస, లోపలి బోల్టులు లెక్కలోకి రావు. నాలుగేసి బోల్టులున్న సబ్ అసెంబ్లీలు రెండుంటే తేడా సరిగ్గా ఆ 8. పట్టిక మీద క్లిక్ చేసి, ఎడమ పక్క ప్యానెల్‌లో బీఓఎం టైప్‌ను ‘పార్ట్స్ ఓన్లీ’ చేయండి.

అప్పుడు బయట కొనే గేర్‌బాక్స్ కూడా ముక్కలుగా విడిపోతుంది. దాని ఫైలు తెరిచి, కాన్ఫిగరేషన్ ప్రాపర్టీస్‌లో చైల్డ్ కాంపొనెంట్ల (లోపలి భాగాల) దగ్గర ‘హైడ్’ పెడితే ఒకే వరుసగా వస్తుంది.

25, 30 మి.మీ. పొడవు బోల్టులు ఒకే ఫైలులో కాన్ఫిగరేషన్లుగా (ఒకే భాగానికి వేర్వేరు రూపాలుగా) ఉంటే, అన్నిటినీ ఒకే ఐటమ్‌గా చూపే ఆప్షన్ జోలికి మాత్రం పోకండి. రెండు పొడవులూ కలిసిపోయి, స్టోర్స్‌వాళ్లు ఒకే సైజు తెచ్చిపెడతారు.