బీపీ రోగిని డాక్టర్ ఒక్కరే కాక బృందం చూసుకుంటే తేడా ఉంటుందా?

ఉంటుంది. బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక పల్లెల్లో 2,645 మందిపై చేసిన కోబ్రా-బీపీఎస్ అధ్యయనంలో (ఫలితాలు 2020లో వచ్చాయి) ఆరోగ్య కార్యకర్తలు మూణ్ణెల్లకోసారి ఇంటికెళ్లి బీపీ చూశారు, మాత్రలు మానొద్దని నచ్చజెప్పారు, అదుపులో లేనివారిని డాక్టర్ దగ్గరికి పంపారు. రెండేళ్లకు పై అంకె, మామూలు వైద్యం అందినవారికన్నా సుమారు 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఊరంతటికీ లెక్కేస్తే తప్పే పక్షవాతాలు తక్కువేం కాదు.

మన దగ్గర ఆశా కార్యకర్త 30 దాటినవారికి జబ్బు ముప్పు ఎంతో లెక్కేసే ఫారం నింపుతుంది. అందులో స్కోరు 4 దాటినవాళ్లను మిగతావారికన్నా ముందుగా పరీక్షకు పంపుతుంది. బీపీ, షుగర్ ఏఎన్‌ఎం చూస్తుంది. మందు మొదలుపెట్టేది, మార్చేది పీహెచ్‌సీ డాక్టర్. గొలుసు తెగేది ఎక్కువగా ఇక్కడే: కార్డులో నెలనెలా 160/100 అని రాస్తూనే ఉంటారు, మోతాదు మాత్రం మారదు. పంపిన మనిషి డాక్టర్‌ను కలిశాడా లేదా అని వారంలోగా అడిగే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి.